కంపెనీ పడిపోతే ఆట పడిపోయినట్టేనా?

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం. సైనిక్‌పురిలో ఒక కేఫ్ మేడ మీద మా ఆట నడుస్తోంది. నలుగురం, ఒక నోట్‌బుక్, రంగురంగుల పాచికలు, చల్లారిపోయిన చాయ్‌లు. పక్క టేబుల్ దగ్గర ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నాడు గానీ, చూపు మాత్రం మా వైపే ఉంది. మేం సర్దుకుని లేస్తుంటే దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇది డీ అండ్ డీయే కదా? ఒక్కటి అడగొచ్చా?"

మేడ్చల్ రోడ్డులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. సీఎస్‌ఈ థర్డ్ ఇయర్. గేమ్ డిజైన్‌లో డిప్లొమా చేద్దామనుకుంటున్నాడు. ఫీజు మూడు లక్షల పైనే. చిట్టీ పాడి కడతానని వాళ్ల నాన్న మాటిచ్చారట. సరిగ్గా అప్పుడే యూట్యూబ్‌లో "టేబుల్‌టాప్ పని అయిపోయింది", "గేమింగ్ ఇండస్ట్రీ కుప్పకూలింది" అనే వీడియోలు వరసగా కనిపించడం మొదలైంది. అతని ప్రశ్న ఒకటే: "పడిపోతున్న ఫీల్డ్‌లోకి వెళ్తున్నానా అన్నా?"

నేను తొందరలో ఉన్నాను. "అట్లేం కాదులే, చేరిపో" అనేసి బండి తీశాను. ఏఎస్ రావు నగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాకే సిగ్గేసింది. ఒక ఇంట్లో మూడు లక్షల నిర్ణయానికి నేను ముప్పై సెకన్లు కూడా ఇవ్వలేదు. అందుకే ఆ జవాబు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఇది ఆ ఒక్క అబ్బాయికే కాదు. "ఐటీ పడిపోయింది", "కోర్ బ్రాంచ్‌లకు ఉద్యోగాల్లేవు", "గేమింగ్ అయిపోయింది" అనే హెడ్డింగ్‌లు చూసి రాత్రి నిద్ర పాడుచేసుకునే ప్రతి ఫైనలియర్ స్టూడెంట్‌కూ పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు ఆట సంగతి

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, మాటలతో కలిసి కట్టుకునే కథ. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుంటారు. "కోట గోడ ఎక్కుతాను" అని మీరంటారు. ఎక్కగలిగారా లేదా అన్నది పాచిక చెబుతుంది. గెలుపు ఓటములు పెద్దగా ఉండవు. వారం వారం కథ ముందుకు సాగుతుంది.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు గుర్తున్నాయా? మణిసిద్ధుడు, గోపకుమారుడు కాశీకి నడిచిపోతుంటారు. ప్రతి మజిలీలో శిష్యుడు ఏదో వింత చూసి అడుగుతాడు, గురువు దాని కథ చెబుతాడు. ఆ గోపకుమారుడికి "నేనైతే ఆ తలుపు తియ్యను స్వామీ, కిటికీలోంచి దూకుతాను" అనే హక్కు ఇచ్చి చూడండి. అదే ఈ ఆట.

దీన్ని పుస్తకంగా అచ్చేసి అమ్మడం 1974లో అమెరికాలో మొదలైంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే ఊళ్లో అచ్చేసింది. 2024లో ఆ ఆటకు 50 ఏళ్లు నిండాయి.

నేను మొదటిసారి ఆడింది 2018లో, ఫైనలియర్‌లో, వెస్ట్ మారేడ్‌పల్లిలో ఫ్రెండ్ వాళ్ల డాబా మీద. కంపెనీ ఉచితంగా పెట్టిన బేసిక్ రూల్స్‌ను కాలేజీ పక్కన జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాం. ఇరవై ముఖాల పాచిక దొరక్క 1 నుంచి 20 దాకా చిట్టీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకున్నాం. మొత్తం ఖర్చు రెండొందలు దాటలేదు. ఈ రెండొందల మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఒకే వార్తలో మూడు సంగతులు

"ఫలానా రంగం పడిపోతోంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది: ఏది పడిపోతోంది? కంపెనీయా, ఇండస్ట్రీయా, ఆ పనా? ఈ మూడూ వేర్వేరు మీటర్లు. ఇంట్లో కరెంటు మీటర్ చూసి నీళ్ల బిల్లు చెప్పలేం కదా. వార్తలు మాత్రం మూడింటినీ కలిపి ఒకే హెడ్డింగ్‌లో పెడతాయి.

మొదటి మీటర్: కంపెనీ. డీ అండ్ డీ ఇప్పుడు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థది. ఆ సంస్థ 1999 నుంచి బొమ్మల దిగ్గజం హాస్‌బ్రో చేతిలో ఉంది. 2023 డిసెంబర్‌లో హాస్‌బ్రో దాదాపు 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది అంతకుముందే 800 పోయాయి. హెడ్డింగ్ చదివితే ఆట మునిగిపోయిందనే అనిపిస్తుంది. లెక్కలు చూస్తే వేరే కథ. 2023లో హాస్‌బ్రో మొత్తం ఆదాయం 15 శాతం పడిపోయి 500 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. విజార్డ్స్, డిజిటల్ గేమ్స్ కలిసిన విభాగం మాత్రం 10 శాతం పెరిగి దాదాపు 146 కోట్ల డాలర్లకు చేరింది. అంటే బొమ్మల అమ్మకాలు పడ్డాయి, ఆటల విభాగం లేచింది. కోత మాత్రం ఆటల విభాగంలోనూ పడింది. లాభం తెచ్చిన టీమ్‌లోని మనుషులు కూడా ఇంటికెళ్లారు.

అదే ఏడాది ఆగస్టులో ఇదే ఆట రూల్స్ మీద బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ చేసిన బాల్డర్స్ గేట్ 3 వచ్చింది. డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ గేమ్‌గా నిలిచింది. హాస్‌బ్రో కోత వార్త, ఈ అవార్డు వార్త కొద్ది రోజుల తేడాతోనే వచ్చాయి. రెండూ నిజమే.

ఇది కొత్తేమీ కాదు. 1997లో టీఎస్ఆర్ దాదాపు దివాళా అంచుకు వెళ్లి విజార్డ్స్‌కు అమ్ముడుపోయింది. అప్పట్లో ఆ కంపెనీ లెక్కకు మించి పుస్తకాలు, నవలలు, కొత్త కొత్త సెట్టింగులు అచ్చేసింది. పంపిణీ చూసే పెద్ద ప్రచురణ సంస్థ నుంచి అమ్ముడుపోని కాపీలు కుప్పలుగా వెనక్కొచ్చాయి. అప్పులు మీద పడ్డాయి. ఆడేవాళ్లు ఆట మానేసినందుకు వచ్చిన కష్టం కాదది. స్టాకు లెక్క తప్పడం వల్ల వచ్చింది. మూడేళ్లకే, 2000లో, అదే ఆట కొత్త ఎడిషన్‌తో మళ్లీ నిలబడింది.

మన దగ్గర చందమామ సంగతి చూడండి. 1947 జూలైలో మొదలై తరాలను పెంచిన పత్రిక 2013 నాటికి ఆగిపోయింది. పత్రిక ఆగిందని తెలుగిళ్లలో పిల్లలు కథలడగడం మానేశారా?

రెండో మీటర్: ఇండస్ట్రీ. అంటే డిజైనర్లు, చిన్న ప్రచురణ సంస్థలు, ప్రింటర్లు, డిస్ట్రిబ్యూటర్లు, షాపులు అందరూ కలిపి. ఇక్కడ నిజంగానే ఇబ్బంది ఉంది, దాచిపెట్టి లాభం లేదు. 2025 జనవరిలో అమెరికాలో డైమండ్ అనే పెద్ద కామిక్స్ డిస్ట్రిబ్యూటర్ దివాళా పిటిషన్ వేసింది. టేబుల్‌టాప్ ఆటలను షాపులకు చేర్చే అలయన్స్ కూడా దాని కిందే ఉండేది. ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకం 145 శాతం దాకా వెళ్లింది. ఆట పెట్టెలు, పాచికలు, బొమ్మలు ఎక్కువగా తయారయ్యేది చైనాలోనే. ముందే డబ్బు కట్టించుకుని ఆట తయారుచేసి పంపే చిన్న సంస్థలకు అది గొంతులో పచ్చి వెలక్కాయ. విజార్డ్స్ కూడా కంప్యూటర్‌లో త్రీడీగా ఆడేందుకు సిజిల్ అనే ప్రాజెక్టు మీద ఏళ్లు ఖర్చుపెట్టి, 2025 మార్చిలో ఆ టీమ్‌లో దాదాపు 30 మందిని తీసేసింది.

ఇంకోవైపు చూద్దాం. 2019లో క్రిటికల్ రోల్ అనే బృందం, అంటే కెమెరా ముందు కూర్చుని డీ అండ్ డీ ఆడే కొందరు వాయిస్ యాక్టర్లు, ఒక యానిమేషన్ కోసం ప్రేక్షకులను 7.5 లక్షల డాలర్లు అడిగితే 1.13 కోట్ల డాలర్లు వచ్చాయి. 2024లో బ్రాండన్ శాండర్సన్ నవలల ఆధారంగా చేసిన కాస్మియర్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌కు కిక్‌స్టార్టర్‌లో 1.5 కోట్ల డాలర్ల పైన పోగయ్యాయి. 2025 జనవరిలో డైమెన్షన్ 20 అనే షో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌ను నింపేసింది. కొందరు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తుంటే చూడ్డానికి వేలమంది టికెట్ కొని వచ్చారు.

కాబట్టి ఇండస్ట్రీ మీటర్ ఒకే దిక్కు చూపించట్లేదు. పైన పేరున్న కొద్దిమందికి డబ్బు బాగానే వస్తోంది. మధ్యలో ఉన్న చిన్న ప్రచురణకర్తలకు, షాపులకు కష్టంగా ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో వచ్చిన ఊపు సర్దుకుంటోంది. నా అంచనా ఇదే: ఇది పతనం కాదు, అలాగని ఉద్యోగాలు పండే పొలమూ కాదు. ప్రపంచం మొత్తం మీద ఈ పుస్తకాలు రాసి నెల జీతం తీసుకునేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు, పదానికింత అని డబ్బు తీసుకునేవాళ్లు.

మూడో మీటర్: ఆట. దీన్ని కొలవడం కష్టం, ఎందుకంటే ఇది బిల్లులో కనపడదు. నలుగురు మనుషులు, ఒక సాయంత్రం, రెండొందల రూపాయల జిరాక్స్. ఒకసారి కొన్న పుస్తకంతో పదేళ్లు ఆడొచ్చు. కంపెనీకి పైసా రాదు, ఆట మాత్రం నడుస్తూనే ఉంటుంది. పెట్టుబడిదారుకు ఈ సంగతి తలనొప్పి. ఆడేవాడికి ఇదే బలం.

2023 జనవరిలో ఈ బలం ఏంటో బయటపడింది. 2000లోనే విజార్డ్స్ ఒక ఓపెన్ లైసెన్స్ ఇచ్చింది. ఆట మూల నియమాలు వాడుకుని ఎవరైనా సొంత పుస్తకాలు అచ్చేసుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ లాంటిది. 2023లో ఆ లైసెన్స్‌ను బిగించి, ఎక్కువ అమ్మేవాళ్ల దగ్గర రాయల్టీ తీసుకునే డ్రాఫ్ట్ ఒకటి బయటికి పొక్కింది. ఆడేవాళ్లు మండిపడ్డారు. కంపెనీ వెబ్‌సైట్ చందాలు మూకుమ్మడిగా రద్దు చేసుకున్నారు. పోటీ సంస్థ పైజో తన పాత్‌ఫైండర్ రూల్‌బుక్‌ల ఎనిమిది నెలల స్టాకు రెండు వారాల్లో అయిపోయిందని ప్రకటించింది. జనవరి 27న విజార్డ్స్ వెనక్కి తగ్గి, మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేసింది. ఆ లైసెన్స్‌ను ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. జనం ఆట వదిలెయ్యలేదు, షాపు మార్చారు. కంపెనీ మీటర్ పడిన నెలలో ఆట మీటర్ కదల్లేదు.

మన ఊళ్లో పాచిక చూస్తే

ఇక మన సంగతి. సైనిక్‌పురిలో మేం మొదటిసారి పాచికలు తీసినప్పుడు కేఫ్ ఓనర్ అంకుల్ పరుగున వచ్చారు. "బాబూ, ఇక్కడ అట్లాంటివి వద్దు, పోలీసోళ్లు వస్తే నాకు ప్రాబ్లమ్" అన్నారు. ఆయన తప్పేం లేదు. ధర్మరాజు రాజ్యం పోగొట్టుకున్న నాటి నుంచి మనకు పాచిక అంటే జూదమే. అష్టాచెమ్మా, పచ్చీస్ ఆడినవాళ్లం కూడా ఆ మాట వినగానే ఉలిక్కిపడతాం.

పైగా ఆట, పందెం అనే గొడవలో సికింద్రాబాద్‌కు దేశమంతా తెలిసిన చరిత్ర ఉంది. 1963లో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967 నవంబర్‌లో కోర్టు చెప్పింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు దేశంలో రమ్మీ గురించి ఏ కోర్టులో వాదన జరిగినా సికింద్రాబాద్ క్లబ్ కేసును చెప్పుకోకుండా ముగిసేది కాదు. ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాట మీద లేచింది. ఏ23 పేరుతో తెలిసిన రమ్మీ కంపెనీ మన హైదరాబాద్‌దే.

ఉమ్మడి రాష్ట్రంలో గేమింగ్ చట్టం వచ్చింది 1974లో, డీ అండ్ డీ పుట్టిన ఏడాదే. తెలంగాణ 2017లో దాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. ఈ-స్పోర్ట్స్‌కు, డబ్బు పందెం లేని సోషల్ గేమ్స్‌కు మాత్రం ప్రోత్సాహం. బిల్లు లోక్‌సభలో పెట్టిన మూడు రోజుల్లో రాష్ట్రపతి సంతకం కూడా అయిపోయింది. పెద్ద పెద్ద కంపెనీలు వెంటనే డబ్బు ఆటలు ఆపేశాయి. కొన్ని కోర్టుకెళ్లాయి.

స్టూడెంట్స్‌కు ఈ కథ ఎందుకంటే, మన దేశంలో "గేమింగ్ ఉద్యోగం" అని కనిపించిన ప్రకటనల్లో చాలా భాగం ఈ డబ్బు ఆటల కంపెనీలవే. కోడ్ బాగా రాసినా, ప్రొడక్ట్ బాగున్నా, ఒక్క చట్టంతో ఆ వ్యాపారం ఆగింది. అది నిజమైన పతనం. కథతో ఆడే టేబుల్‌టాప్ ఆటకు దానికి సంబంధమే లేదు. కానీ "గేమింగ్ కుప్పకూలింది" అనే హెడ్డింగ్ కింద రెండూ ఒకే గంపలో పడతాయి. ఆ అబ్బాయి చూసిన వీడియోల్లో సగం ఈ గంపగుత్త మాటలే.

మరి మూడు లక్షలు కట్టాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. నేను ఈ ఇండస్ట్రీలో పనిచెయ్యను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, రాత్రిళ్లు టెక్ బ్లాగ్ రాస్తాను. కాబట్టి చూసినంత వరకే చెబుతాను.

వీడియో గేమ్స్ వైపు మన ఊరికి చరిత్ర ఉంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆఫీసు ఇక్కడ ఏళ్లుగా ఉంది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2023, 2024ల్లో హైదరాబాద్‌లోనే జరిగింది. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం టాస్క్‌ఫోర్స్ వేస్తామని కేంద్రం 2022 బడ్జెట్‌లో చెప్పింది. కానీ ఈ రంగంలోనూ 2023 నుంచి ప్రపంచమంతా లేఆఫ్‌లే. ఫ్రెషర్‌కు తలుపు ఇరుగ్గానే ఉంది. సర్టిఫికెట్ చూసి ఆ తలుపు తీసేవాళ్లు తక్కువ. "ఏం చేశావో చూపించు" అనేవాళ్లే ఎక్కువ.

అందుకే నా సలహా: ఫీజు కట్టేముందు ఒక ఆట తయారుచెయ్యండి. కాగితం మీద. ఒక పేజీ రూల్స్, నలుగురు ఫ్రెండ్స్, మూడు సాయంత్రాలు. మొదటి సాయంత్రం మీ రూల్స్ ఎంత గందరగోళంగా ఉన్నాయో తెలుస్తుంది. రెండోసారి ఎక్కడ బోర్ కొడుతోందో తెలుస్తుంది. మూడోసారి ఏం తీసెయ్యాలో తెలుస్తుంది. వీడియో గేమ్ స్టూడియోల్లో కూడా కోడ్ రాయకముందు ఇలా కాగితం మీద ఆడి చూసే పద్ధతి ఉంది. మూడు సాయంత్రాలకే విసుగొస్తే మూడు లక్షలు మిగిలినట్టే. విసుగు రాకపోతే, కోర్సులో చేరేటప్పుడు మీ చేతిలో ఒక పని ఉంటుంది. అడ్మిషన్ ఆఫీసులో కూడా "మీ పాత స్టూడెంట్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడించండి" అని ధైర్యంగా అడగ్గలరు. ఆ మాటకు నీళ్లు నమిలే చోట డబ్బు కట్టకండి.

రెండో పని, నాకు బాగా ఇష్టమైనది. ఇందాక చెప్పిన క్రియేటివ్ కామన్స్ పత్రం గుర్తుంది కదా? 2025 ఏప్రిల్‌లో కొత్త నియమాల పత్రాన్ని కూడా అదే లైసెన్స్ కింద పెట్టారు. మూలం ఎవరిదో పేరు చెబితే చాలు. దాన్ని ఎవరైనా అనువదించొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు కూడా. ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. నేనింతవరకు తెలుగులో పూర్తి రూల్‌బుక్ చూడలేదు. మన ఊళ్లోకి ఈ ఆట ఇంగ్లిష్ పుస్తకాల ఖరీదు కట్టగలిగిన ఇళ్ల పిల్లల ద్వారానే వచ్చింది. వరంగల్‌లోనో, నంద్యాలలోనో ఉన్న డిగ్రీ స్టూడెంట్ దగ్గరకు రాలేదంటే ఆటలో లోపం లేదు, ఆ భాషలో పుస్తకం లేదు. నలుగురు స్టూడెంట్లు ఒక సెలవుల్లో కూర్చుంటే ఇరవై పేజీల తెలుగు రూల్స్ తయారవుతాయి. బాలనాగమ్మ, పల్నాటి కథ, భేతాళుడు... సరుకుకు కరువా మనకు?

ఇది ఊహ కాదు. కోల్‌కతా నుంచి వచ్చిన రచయిత్రి మిమి మండల్ బెంగాల్ నేల వాసనతో రాసిన సాహసకథ 2022లో డీ అండ్ డీ అధికారిక పుస్తకం జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్‌లో అచ్చయింది. ముంబైకి చెందిన మీమిసిస్ కల్చర్ ల్యాబ్ మన ఎన్నికల రాజకీయం మీద చేసిన శాసన్ అనే బోర్డ్ గేమ్‌కు 2019లో కిక్‌స్టార్టర్‌లో విదేశాల నుంచి కూడా డబ్బు వచ్చింది. తెలుగు నుంచి అలాంటి పేరు ఒకటి ఎందుకు రాకూడదు?

రెజ్యుమెలో ఎలా రాయాలి?

చాలామంది దీన్ని అడుగుతారు. నేను మొదటి ఇంటర్వ్యూకి "హాబీస్: రోల్‌ప్లేయింగ్ గేమ్స్" అని రాసుకెళ్లాను. ప్యానెల్‌లో మేడమ్ "అంటే ఏంటి బాబూ?" అని అడిగారు. "టీమ్‌వర్క్, లీడర్‌షిప్, కమ్యూనికేషన్ మేడమ్" అని పాఠం అప్పజెప్పాను. ఆవిడ తలూపి పేజీ తిప్పేశారు. అలాంటి పెద్ద మాటలు ఆ రోజు ఆవిడ ముప్పైసార్లు విని ఉంటారు.

ఇంకో కంపెనీలో అదే ప్రశ్నకు లెక్క చెప్పాను. ఇరవై ముఖాల పాచిక. మీ పాత్రకు 5 బోనస్. మొత్తం 15 రావాలి. అంటే పాచికలో 10 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి. 20లో 11 అవకాశాలు, 55 శాతం. ఇప్పుడు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోమంటే? ఓడిపోవాలంటే రెండూ తప్పాలి: 45 శాతంలో 45 శాతం, 20.25. గెలుపు 79.75 శాతం. ఒక్క చిన్న రూల్‌తో 55 కాస్తా 80 దగ్గరకొచ్చింది. "అందుకే కథ నడిపేవాడు ఈ రూల్‌ను ఊరికే ఇవ్వకూడదు సార్, భయం పోతుంది" అన్నాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. తర్వాత పావుగంట మాట్లాడుకున్నాం. హాబీ పేరు రాస్తే పని జరగదు. దాంట్లో మీరు తలబద్దలు కొట్టుకున్న ఒక్క సమస్య రాయండి.

ఇక నా మాట

2023 మొదట్లో నేను పనిచేస్తున్న కంపెనీ మా టీమ్ మొత్తాన్ని ఒక్క మెయిల్‌తో తీసేసింది. పేరు అనవసరం. మూడు వారాలు నేను "టెస్టింగ్ అయిపోయింది, నేను అయిపోయాను" అనే అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. రోజూ బ్యాగ్ వేసుకుని బయల్దేరి తార్నాకలో ఒక లైబ్రరీలో కూర్చునేవాణ్ని. ఆదివారం ఆట మాత్రం మానలేదు. ఆ ఆట అప్పటికే ఫోన్‌కెక్కింది. ఒకడు బెంగళూరు, ఒకడు డల్లాస్, ఇంకొకడు వైజాగ్. ఒక ఆదివారం ఆట మధ్యలో డల్లాస్‌వాడు ఆగి "ఏమైందిరా నీకు, నీ పాత్ర మూడు వారాల నుంచి ఏ తలుపూ తీయట్లేదు" అన్నాడు. అప్పుడు చెప్పాను. రెండు నెలల్లో మళ్లీ ఉద్యోగం వచ్చింది, అదే పనిలో. కంపెనీ మీటర్ చూసి నా పని మీటర్ చదివేశానని అప్పుడర్థమైంది.

ఆట తగ్గే మాటే వస్తే, నాకు కనిపించే అసలు కారణం అమెరికాలో లేదు. ప్లేస్‌మెంట్ వచ్చిన రోజు నుంచి నలుగురికీ ఒకే సాయంత్రం ఖాళీ దొరకదు. షిఫ్టులు, ట్రాఫిక్, ఇంటి బాధ్యతలు. మా డాబా గుంపులో ఆరుగురం ఉండేవాళ్లం, ఇప్పుడు నలుగురం. కాలేజీలో ఉన్నప్పుడు ఖాళీ సాయంత్రానికి విలువ తెలియదు. మీకు ఇంకా ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

ఆ అబ్బాయి నంబర్ కేఫ్ అంకుల్ దగ్గర దొరికింది. ఫోన్ చేసి సారీ చెప్పి, పైన రాసిందంతా చెప్పాను. ఇంకా ఫీజు కట్టలేదట. పోయిన ఆదివారం పేజీన్నర రూల్స్ రాసుకొచ్చాడు. రాత్రి పూట మోండా మార్కెట్‌లో ఒక తాళం చెవి వెతికే కథ. ఆడాం. రెండో రూల్ అస్సలు పనిచెయ్యలేదు, తాళం చెవి పది నిమిషాల్లో దొరికిపోయింది. అంకుల్ కూడా కౌంటర్ వదిలి వచ్చి, కూరగాయల కొట్టు ఓనర్ పాత్ర తీసుకుని బేరమాడారు. అబ్బాయి ఆ రూల్ కొట్టేసి ఇంకోటి రాసుకుని వెళ్లాడు. ఈ ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.